ఎలీసమ్మ నూకలు

అనగనగా ఒక ఊరు. ఏ ఊరని అడక్కండి. గొప్ప పని చేసిన ఊరైతే నేనే గొంతెత్తి పేరు చెప్పేవాణ్ణి. ఇది తలదించుకున్న ఊరి కథ. చిన్నపిల్లలు ముందుకు జరగండి. పెద్దవాళ్ళు వెనక కూర్చున్నా పర్వాలేదు, ఈ కథ అక్కడిదాకా వచ్చి తగులుతుంది.

ఆ ఊరి చివర క్రైస్తవుల తాటాకు గుడి ఒకటి ఉండేది. మట్టి గోడలు, పేడతో అలికిన నేల, గంటకు బదులు వేలాడే ఇనప ముక్క. ఆ గుడికి సీలయ్యగారని ఒక అయ్యగారు. ఆయనకు జీతం లేదు. పిడికెడు బియ్యమే ఆయన బతుకు. ఊళ్ళో మన సంఘం ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్ళు. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. ఆదివారం ఆ ముంతలు గుడికి తెచ్చి బల్ల ముందున్న గంపలో పోసేవాళ్ళు. అయ్యగారి ఇంటికి వారమంతా అదే తిండి.

సీలయ్యగారు మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే కాసేపటికి మీకు ఆయన మీద కోపం వస్తుంది. తొమ్మిది ఊళ్ళు కాలినడకన తిరిగి వాక్యం చెప్పేవారు. దారిలో ఆకలిగా ఎవరు కనిపించినా వెంటబెట్టుకుని ఇంటికి తెచ్చేవారు. "లూదియా, ఇంకో ఇద్దరికి వడ్డించు" అని వాకిట్లోంచే భార్యకు కేకేసేవారు. వడ్డించడానికి ఉందా లేదా అన్నది ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఏటా కొత్త వడ్లు ఇళ్ళకు చేరాక కోత పండుగ వచ్చేది. ఆ రోజు సీలయ్యగారు గంప పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని, మూడు వందనాలు చెప్పేవారు.

"మొదట నా దేవునికి వందనాలు. తర్వాత నా ఇంటివారికి వందనాలు. తర్వాత నన్ను మోసినవారికి వందనాలు."

ఆ మోసినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే దేవుడికి వినిపించేవారు. గంపలో ఎవరు పోస్తున్నారో ఏడాది పొడుగునా చూసి గుర్తు పెట్టుకునేవారు మరి. పేరు వచ్చినవాళ్ళు పైకి తల వంచుకుని లోపల పొంగిపోయేవాళ్ళు. మనవాళ్ళ సంగతి మనకు తెలియనిదా?

ఆ ఊళ్ళోనే ఎలీసమ్మ అని ఒక ఆడమనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. ఇంటింటికీ వెళ్ళి వడ్లు దంచేది. దంచి, చెరిగితే, బియ్యం ఇంటివాళ్ళకి. నూకలూ తవుడూ ఆమెకి. అదే కూలి. ఇక పిడికెడు బియ్యం ఆమె ఎక్కణ్ణుంచి తీస్తుంది? అందుకని వచ్చిన నూకలు కొంగున కట్టుకుని, ఒంటినిండా ఊకదుమ్ముతో, అయ్యగారి పెరటి గుమ్మం దగ్గరకు వెళ్ళేది.

"అమ్మగారండి, పిల్లలకి."

అంతే. లూదియమ్మగారి చేటలో పోసి వెళ్ళిపోయేది.

ఆ ఇంటి గుట్టు ఒకటి చెప్పాలి. గంపలో బియ్యమంతా అయ్యగారికీ, ఆయన తెచ్చే చుట్టాలకీ సరిపోయేది. ఆయన పిల్లలు ముగ్గురూ తాగింది నూకల జావే. ఉప్పు వేసి, ఉంటే కాస్త మజ్జిగ పోసి ఇచ్చేది తల్లి. ఆయన తిని లేచాక పిల్లలకు పెట్టేది, ఆయన కంట పడకుండా. అయ్యగారి పిల్లలు నూకలు తాగుతున్నారట అని ఊరు అనుకుంటుందని ఆమెకు సిగ్గు. ఆ సిగ్గుతోనే నోరు విప్పలేదు.

మొదటి ఏడు కోత పండుగ వచ్చింది. ఎలీసమ్మ గుమ్మం దగ్గర కూర్చుని పేర్లన్నీ విన్నది. ఆమె పేరు రాలేదు. కొంగు సర్దుకుని లేచింది. ఏమీ అనలేదు.

రెండో ఏడు కోత పండుగ వచ్చింది. గుమ్మం దగ్గరే కూర్చుంది. పేర్లన్నీ అయ్యాయి. ఆమె పేరు రాలేదు. కొంగు సర్దుకుని లేచింది. ఏమీ అనలేదు.

మూడో ఏడు పండుగకు ముందు రోజు, పెరటి గుమ్మం దగ్గర నూకలు పోసి, వెళ్ళకుండా నిలబడిపోయింది.

"ఏం ఎలీసమ్మా?" అంది లూదియమ్మగారు.

"ఏం లేదండమ్మగారండి. నా బిడ్డ పోయిననాడు పాడె మొయ్యటానికి ఎవురూ రాలా. అయ్యగారే బుజాన ఏసుకెళ్ళి, గొయ్యి తవ్వి పూడ్చారు. ఆ రుణం నేనేడ తీరుస్తాను? ఈ నూకలు దానికే. కాకపోతే ఒక్క ఆశ. ఆయన దేవుడికి పేర్లు ఇనిపిస్తారు గదా. నా పేరు ఒక్కసారి ఇనాలని ఉంది. నేనొకదాన్ని ఉన్నానని దేవుడికి తెలుసో లేదో."

లూదియమ్మగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అయినా అయ్యగారికి నిజం చెబుతానని అనలేదు. "రేపు నువ్వే ముందుకొచ్చి గంపలో పొయ్యి ఎలీసమ్మా. ఆయన చూస్తారు. నీ పేరు చెబుతారు" అంది.

చూశారా? మంచే చెప్పింది. ఆ మంచే కొంప ముంచింది.

మర్నాడు ఎలీసమ్మ తలంటుకుంది. ఉతికిన చీర కట్టింది. గుడి నిండా జనం, తొమ్మిది ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళు. గంపలో కొత్త బియ్యం తెల్లగా పోగై ఉంది. ఎలీసమ్మ జనం మధ్యలోంచి నడిచి వెళ్ళి, కొంగు విప్పి, ఆ తెల్లటి బియ్యం మీద నూకలు పోసింది.

గంప దగ్గర సంఘపెద్ద జెకరయ్య ఉన్నాడు. వంగి చూశాడు.

"ఎవురమ్మా, దేవుడి బియ్యంలో నూకలు కలిపేది? కోళ్ళకనుకున్నావా?"

పొరుగూరి వాళ్ళు నవ్వారు. సీలయ్యగారు కళ్ళు తెరిచారు. అందరి ముందూ ఆయనకు చిన్నతనంగా అనిపించింది. మెత్తగానే అన్నారు. మెత్తగా అన్నారు కాబట్టే ఎక్కువ తగిలింది.

"దేవుడి ముందు పెట్టేది మంచిదై ఉండాలమ్మా. మిగిలిందీ విరిగిందీ తేకూడదు. చెరిగి తీసుకెళ్ళు."

జెకరయ్య చేట తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఎలీసమ్మ గంప పక్కన నేల మీద కూర్చుని చెరగడం మొదలుపెట్టింది. సీలయ్యగారు వందనాలు మొదలుపెట్టారు.

"మొదట నా దేవునికి వందనాలు." చేట చప్పుడు.

"తర్వాత నా ఇంటివారికి వందనాలు." చేట చప్పుడు.

"తర్వాత నన్ను మోసినవారికి వందనాలు." చేట చప్పుడు.

పేర్లన్నీ చెప్పారు. ఆమె పేరు రాలేదు. అయ్యగారి ఇల్లాలు ముందు వరసలోనే కూర్చుని ఉంది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా ఆమె నోట్లోంచి రాలేదు. గుడినిండా అంతమంది ఆడవాళ్ళు, వాళ్ళ వడ్లు దంచినది ఎలీసమ్మే, ఆ తెల్లటి బియ్యం తెల్లబడింది ఆమె రోకటి కిందే. వాళ్ళూ నోరెత్తలేదు. ఎలీసమ్మ తన నూకలు తను ఏరుకుని, కొంగున కట్టుకుని లేచింది. ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం పెరటి గుమ్మం దగ్గర మళ్ళీ కనిపించింది.

"అమ్మగారండి, పిల్లలకి."

లూదియమ్మగారు చేట పట్టింది గానీ ఆమె మొహం వంక చూడలేకపోయింది.

తర్వాత ముసురు పట్టింది. ఎలీసమ్మ ఒక రోజు రాలేదు. రెండో రోజు రాలేదు. మూడో రోజు పొద్దున్నే అయ్యగారు ఊళ్ళకు బయలుదేరుతుంటే, కడగొట్టు పిల్ల ఖాళీ ముంత పట్టుకుని వచ్చింది.

"అమ్మా, నూకలవ్వ ఇవాళా రాలేదా? ఆకలేస్తంది."

అయ్యగారు ఆగారు. "నూకలవ్వ ఎవరు?"

లూదియమ్మగారు కూలబడిపోయింది. మూడేళ్ళ సంగతీ చెప్పింది. పిల్లలు ఏం తాగి పెరిగారో చెప్పింది. ఆ నూకలు ఎవరివో చెప్పింది.

"పండుగనాడే చెప్పి ఉండొచ్చు గదా" అన్నారాయన.

"మీరే ఒక్కసారి పిల్లల గిన్నెల్లోకి తొంగి చూసి ఉండొచ్చు గదండీ" అందామె.

ఇద్దరి మాటా నిజమే. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వానలో ఎలీసమ్మ పాకకు వెళ్ళారు. తోటి దంపుళ్ళ మనిషి కనకం గుమ్మంలో కూర్చుని ఉంది.

"మీకే కబురు పంపబోతన్నానయ్యగారండి. తెల్లారగట్ట పోయింది. మూడు రోజులనించీ జొరం."

పాకలో రెండు కుండలున్నాయి. ఒక కుండలో తవుడు, సగం తిన్న తవుడు రొట్టె. రెండో కుండలో నూకలు, రాయి ఏరి, శుభ్రంగా గుడ్డలో మూటగట్టి ఉన్నాయి.

"ఈ నూకలు వండుకోలేదేం? జ్వరంలో జావన్నా కాచుకోవాల్సింది" అన్నారు అయ్యగారు.

"నేనూ అదే అన్నానండి. 'అయ్యి నాయి కావే, అయ్యగారి పిల్లలయ్యి' అంది. అది తినేది ఎప్పుడూ తవుడేనండి."

సీలయ్యగారు ఆ నూకల మూట తీసి చంకన పెట్టుకున్నారు. పార తీసుకుని తనే గొయ్యి తవ్వారు. తవ్వుతుంటే పక్కన చిన్న మట్టిదిబ్బ కనిపించింది. అది తను పూడ్చిన బిడ్డదేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన మరిచిపోయిన మేలుని ఆమె మోసింది. ఆమె చేసిన మేలు ఆయనకు తెలియనే తెలియదు. ఆ గోతిలో నిలబడి పెద్దగా ఏడ్చారు. పైన నిలబడ్డ ఊరు ఊరంతా నేలచూపులు చూసింది.

నాలుగో ఏడు కోత పండుగ వచ్చింది. సీలయ్యగారు గంప పక్కన నిలబడ్డారు. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"మొదట నా దేవునికి వందనాలు. తర్వాత నా ఇంటివారికి వందనాలు. వాళ్ళు ఏం తింటున్నారో చూడకుండానే మూడేళ్ళు ఈ మాట అన్నాను. తర్వాత నన్ను మోసినవారికి..."

అక్కడ ఆగిపోయారు. జెకరయ్య దగ్గర చేట అడిగి తీసుకున్నారు. ఎలీసమ్మ కూర్చున్న చోటే నేల మీద కూర్చున్నారు. ఏడాదిగా దాచిన మూట విప్పి ఆమె నూకలు చేటలో పోసుకుని ఒకసారి చెరిగారు. "ఎలీసమ్మ" అన్నారు. రెండోసారి చెరిగారు. "ఎలీసమ్మ" అన్నారు. మూడోసారి చెరిగి, "ఎలీసమ్మ" అని, ఆ నూకలన్నీ తెల్లటి బియ్యంలో కలిపేశారు. ఏరమని ఎవరూ అనలేదు.

అప్పటినుంచీ ఆ ఊళ్ళో కోత పండుగనాడు గంపలో ముందు నూకలు పడాలి, ఆ తర్వాతే బియ్యం. పండుగ విందులో మొదట నూకల జావ పోస్తారు. ముందు అయ్యగారి పిల్లలకు పోసి, వాళ్ళు తాగడం అయ్యగారు నిలబడి చూడాలి. బయట ఊళ్ళలో ఎవరన్నా పోతే నూకలు చెల్లాయంటారు. మేం ఆ మాట అనం. ఎలీసమ్మ నూకలు మా దగ్గర ఇంకా చెల్లలేదు.

పేర్లన్నీ అయ్యాక చేట మూడుసార్లు చెరుగుతారు, గుడి మొత్తం ఆమె పేరు మూడుసార్లు అంటుంది. ఆ చేట ప్రతి ఏడూ జెకరయ్య ఇంటినుంచే రావాలి. నేల మీద కూర్చుని చెరగాల్సిందీ ఆ ఇంటివాళ్ళే. జెకరయ్య మా ముత్తాత. అందుకే ఊరి పేరు చెప్పలేదు.

పోయిన పండుగకు నేను చెరుగుతుంటే మా మనవరాలు చెవి దగ్గరకొచ్చి అడిగింది. "తాతా, ఆమె ఒక్కసారే గదా వినాలనుకుంది. మనం ఇన్నిసార్లు అంటున్నాం. ఆమెకి వినపడుతుందా?"

దేవుడికి వినపడుతుందమ్మా అన్నాను. ఆమె బతికున్ననాడు చెప్పాల్సిందని మాత్రం ఆ పిల్లకు చెప్పలేకపోయాను. చేట వంక చూస్తూ కూర్చున్నాను.