తెల్లబడిన పట్టీలు

పొద్దున ఎనిమిది గంటలు, సన్నని ముసురు. మదనపల్లె దాపున కూరగాయల తోట పెట్టుకున్న మునిరత్నం, విరగని ప్రతిదాని మీదా ఇంకొంచెం బరువు వేసేవాడు. ఎద్దయినా అంతే, మనిషయినా అంతే.

ఆయన కాకర పందిరికి చుట్టూ కూసాలు, అంటే నిలువు రాతి స్తంభాలు, పైన ఇనుప తీగలు. ఆ ఏడాది తీగలను కూసాలకు కొత్తరకం పట్టీలతో కట్టించాడు. మొక్కజొన్న పిండి నుంచి తీసిన ప్లాస్టిక్ అది, మట్టిలో కలిసిపోతుంది. అమ్మిన పిల్ల అన్నీ చెప్పే పోయింది. ఉత్తదయితే చటుక్కున విరుగుతుందని, రబ్బరులా సాగే సరుకు కలిపారట. బరువు మించితే సాగుతుంది. లోపల కంటికి ఆనని చీలికలు పుట్టి తెల్లబడుతుంది. అప్పుడు బరువు దించి పట్టీ మార్చాలి. మునిరత్నం చెవిన మాత్రం సాగుతుంది, విరగదు అన్న మాటే పడింది.

కాకర కాపు అయిపోయినా ఎండిన పాదులు పీకించలేదు. వాటి మీదికే సొర ఎక్కించాడు. కాయలు దిగాయి. ముసురుకు పాత తుక్కంతా నాని బరువెక్కింది.

ఆ పొద్దున సొరకాయల కోతకు కూలికి వెళ్లింది నేను, నా ఇద్దరు కూతుళ్లు. పందిరి తలకు తగిలేంత కిందికి దిగి ఉంది. పెద్దది కోమల, మూల కూసం దగ్గర ఆగింది.

"మామా, పట్టీలు తెల్లబడినాయి."

"నా నెత్తీ తెల్లబడింది. ఊడిపడిందా?" అన్నాడు మునిరత్నం.

చిన్నది నవ్వింది. కోమల నవ్వలేదు.

"ఈ పట్టీ నిన్న జానెడుండె. ఈపొద్దు మూరెడుంది."

"సాగనీ. అందుకే కొన్నాను. ఆ వరస కోసేసి రాండి."

నేను పట్టీని తాకి చూశాను. నడుమ నారంత సన్నబడింది. ఇక ఈ వరస కోసేది లేదని చెప్పి, పిల్లల చేతులు పట్టుకుని బయటికి నడిచాను. సోమరిపోతులని తిడుతూ, మిగిలిన వరస తానే కోస్తానని గంప ఎత్తుకుని ఆయన లోపలికి పోయాడు.

మొదటి పట్టీ తెగినప్పుడు చప్పుడైనా కాలేదు. దాని బరువు పక్కదాని మీద పడింది. అదీ తెగింది. వరసగా అన్నీ తెగి పందిరి కూలింది. పాదులు పెనవేసుకున్న మూల కూసం ఆ లాగుడుకు ఒరిగి ఆయన కాలి మీద పడింది. దాన్ని ఎత్తడానికి పక్క తోటల వాళ్లంతా రావలసి వచ్చింది.

అంబులెన్సు ఎక్కిస్తుంటే ఆయన కోమల వైపు చూశాడు.

"చెప్తివే పాపా" అన్నాడు. అంతే.

ఇంటికొచ్చి, తడి చీరతోనే గడపలో కూర్చుని, ఆ పందిరి కింది నుంచి తమ కాళ్ల మీద నడిచి వచ్చినవాళ్లను లెక్కపెట్టుకున్నాను. కోమల వచ్చింది. చిన్నది వచ్చింది. నేను వచ్చాను. మునిరత్నం రాలేదు.

నీతి: ఓర్చుకుంటున్నదంటే నొప్పి లేదని కాదు, తెగేదాకా చూడకుండా, తెల్లబడినప్పుడే బరువు దించాలి.