పుట్టమ్మ పుట్ట మీద మాస్కులు

అనగనగా ఊరికి కూతవేటు దూరంలో ఒక అడవి ఉండేది. ఆ అడవిలో అందరికీ ఒకటే అలవాటు. తిన్నది తినడం, మిగిలింది కింద పడేయడం. ఆకైనా, తొక్కైనా, ఎండిన పేడైనా కొన్నాళ్లకు మాయమయ్యేది. దానంతట అదే పోతుందని అందరూ అనుకునేవారు. ఎలా పోతుంది పిల్లలూ? చెదపురుగు పుట్టమ్మ, ఆమె బిడ్డలు రేయింబవళ్లు నమిలి మట్టిలో కలిపేవారు. అందుకు వాళ్లను ఒక్కరైనా మెచ్చుకున్న పాపాన పోలేదు.

ఒక ఏడాది అడవికి దగ్గు రోగం వచ్చింది. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటోంది. అడవికి పెద్ద, ఏనుగు భీమన్న. "అందరూ మూతికి అడ్డం కట్టుకోండి" అన్నాడు. మంచి మాటే. కోతి గంతులయ్య ఊళ్లోంచి మాస్కుల పెట్టెలు ఎత్తుకొచ్చి పంచాడు. కట్టుకున్నారు, విప్పారు, అలవాటు ప్రకారం కింద పడేశారు.

పుట్టమ్మ ఒక మాస్కును కొరికింది. రోజంతా కొరికినా పోగు తెగలేదు. భీమన్న దగ్గరికి వెళ్లింది.

"పెద్దయ్యా, ఇది నమిలితే నలగదు. కట్టుకోండి, వద్దనను. విప్పాక మాత్రం ఒక గోతిలో వేయించు" అంది.

"నీ పళ్లు అరిగినట్టున్నాయి పుట్టమ్మా" అని భీమన్న నవ్వేశాడు.

తర్వాత గంతులయ్య చేతి తొడుగులు తెచ్చాడు. అవీ నేల మీదే పడ్డాయి. పుట్టకు గాలి వెళ్లే కన్నాలు కొన్ని మూసుకుపోయాయి. పుట్టమ్మ మళ్లీ వెళ్లింది.

"పెద్దయ్యా, నా బిడ్డలకు ఊపిరాడటం లేదు."

"ఇక్కడ ప్రాణాలు పోతుంటే నీ చెత్త గోలేమిటి?" అని భీమన్న కసిరాడు.

పుట్టమ్మకు ఒళ్లు మండింది. నా బిడ్డలవి ప్రాణాలు కావా అనుకుంది.

ఆ పైన, వాగులో కలిసి తాగితే రోగం అంటుతుందని నీళ్ల ప్యాకెట్లు వచ్చాయి. తాగారు, విసిరారు. పుట్టమ్మ మూడోసారి వెళ్లింది. "రోగం పోనీ, చూద్దాంలే" అన్నాడు భీమన్న.

రోగం పోయింది. చూశారా? ఎక్కడ చూశారు! ఉన్న మాస్కులన్నీ గాల్లోకి ఎగరేసి గంతులేశారు. ఏరడానికి ఒక్కరూ నడుం వంచలేదు. తొలకరి వానకు అవన్నీ కొట్టుకొచ్చి పుట్టకు అతుక్కుపోయాయి. లోపల సగం మంది బిడ్డలు ఊపిరాడక చచ్చిపోయారు. మిగిలిన వాళ్లను తీసుకుని పుట్టమ్మ వాగు దాటి వెళ్లిపోయింది.

అప్పుడు తెలిసొచ్చింది అడవికి. ఆకులు మాయం కావడం లేదు. తొక్కలు కుళ్లాయి, ఈగలు ముసిరాయి. భీమన్న ముద్దుల మనవడు ఆ కుళ్లు తిని కడుపునొప్పితో నేల మీద దొర్లుతున్నాడు. భీమన్న పరుగున వాగు దాటాడు.

"పుట్టమ్మా, తిరిగి రా తల్లీ. ఆ చెత్త తీసెయ్" అన్నాడు.

"నేను తినగలిగింది ఎన్నడైనా వద్దన్నానా పెద్దయ్యా? రోగం రావడం మీ తప్పు కాదు. వాడినవన్నీ నా పుట్ట మీద పారేయమని రోగం చెప్పిందా? అంత పొడుగు తొండం పెట్టుకుని, కింద పడింది ఎత్తడానికి నీకేం అడ్డొచ్చింది? ముందు నువ్వు ఎత్తు. తర్వాత నేనొస్తాను."

భీమన్న వచ్చిన దారినే మళ్లీ వాగు దాటాడు. తిరిగొచ్చి, పుట్ట ముందు తొండం వంచి ఒక్కో మాస్కూ ఏరాడు. అది చూసి గంతులయ్య, మిగతా అందరూ ఏరారు. అన్నీ రాళ్ల మధ్య గోతిలో వేశారు. పుట్టమ్మ మాట తప్పలేదు, తిరిగొచ్చింది. ఆకులు మళ్లీ మట్టిలో కలిశాయి. మనవడు కోలుకున్నాడు. చచ్చిపోయిన బిడ్డలు మాత్రం రాలేదు.

ఇప్పుడు పుట్టమ్మ లేదు, భీమన్న లేడు. ఆ మనవడికే మనవలు పుట్టారు. గోతిలో మాస్కులు మాత్రం అలాగే ఉన్నాయి. దులిపితే ఇప్పుడైనా కట్టుకోవచ్చు.

నీతి: ఆపదలో మనల్ని కాపాడిన వస్తువును, ఆపద తీరాక ఇంకొకరి గుమ్మంలో పారేయకూడదు.