హైమ బంకరు అంచు

సముద్రపు ఒడ్డున కడుతున్న కొత్త గోల్ఫ్ మైదానంలో ఒక బంకరు హైమ చేతికొచ్చింది. బంతిని పట్టి ఆటగాణ్ణి ఇబ్బంది పెట్టే ఇసుక గుంటే బంకరు. గురువు సన్యాసయ్య సాయం లేకుండా తానే గీసి, తానే తవ్వించడం ఆమెకు ఇదే మొదలు. గురువారం యజమాని వచ్చి చూస్తాడు. నచ్చకపోతే పూడ్పించేస్తాడు.

హైమ దాని అంచును తామర రేకుల్లా మలిచింది. రోజూ గాలి వచ్చి రేకుల కొసలు రాల్చేది. రోజూ తెల్లారేసరికి ఆమె కొడవలీ తాపీ పట్టుకుని వచ్చి సరిదిద్దేది. అన్నం తింటున్నా గాలి ఎటు తిరిగిందోనని చూపు అటే.

సోమవారం మధ్యాహ్నం సన్యాసయ్య వచ్చాడు. నలభై ఏళ్లుగా మైదానాలు తీర్చిన మనిషి.

“మాస్టారూ, గాలి నిలవనివ్వడం లేదు. అంచు కింద సిమెంటు పోయించనా?”

“పోయించు. ఆనక గేటెట్టి తాళమేద్దాం.”

ఆయన చెప్పులు విడిచి అంచు మీద కూర్చున్నాడు. కాళ్లు గుంటలోకి వేలాడేసి క్యారేజీ విప్పాడు. ఆయన కింద రెండు రేకులు విరిగి ఇసుకలోకి జారిపోయాయి.

“అక్కడ కూర్చోకండి మాస్టారూ.”

“మరెక్కడ కూకోమంటావు? గాలాడేది ఇక్కడే కదా.”

నిదానంగా తిన్నాడు. మిగిలిన నీళ్లు అంచు మీది గడ్డి మొదట్లో పోశాడు. లేస్తూ ఆమె కొడవలీ తాపీ తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

“గురువారం ఇస్తాను.”

“అన్నాళ్లు చెయ్యి పెట్టకపోతే పాడైపోతుంది మాస్టారూ.”

“గడ్డి నాటినావా?”

“నాటాను.”

“వేరు పట్టిందా?”

“పట్టింది.”

“అయితే ఇంక వొగ్గీయమ్మా. దాని మానాన దాన్నుండనీ.”

హైమ చేతులు కట్టుకుని అక్కడే తిరిగింది. మర్నాటికి రేకులన్నీ పోయాయి. ఆ రోజంతా ఆమె క్యారేజీ విప్పనే లేదు. బుధవారం గుంటలోకి దిగి చూసింది. వేరు పట్టిన చోట అంచు నిలిచింది, పట్టని చోట వాలింది. గడ్డి నుదుటి మీద జుట్టులా ఇసుక మీదికి వంగింది. ఆ వంపులే వెనకున్న ఇసుక దిబ్బల్లోనూ ఉన్నాయి.

గురువారం యజమాని చాలాసేపు చూశాడు.

“ఈ గుంట ముందు నుంచీ ఇక్కడుందా?”

“లేదండి. తవ్వింది మా హైమ,” అన్నాడు సన్యాసయ్య.

“ఇలాగే ఉంచండి,” అని ఆయన ముందుకు సాగాడు.

సన్యాసయ్య తువ్వాలు విప్పి పనిముట్లు ఇచ్చాడు. హైమ చూపు అంచు మీదికి పోయింది.

“ఆ కొస రేపటికి రాలిపోయేలా ఉంది మాస్టారూ.”

“రాలుతాది.”

హైమ కొడవలిని సంచిలో పెట్టేసింది. చెప్పులు విడిచి అంచు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వేలాడేసింది.

“ఇవాళ క్యారేజీలో ఏం తెచ్చారు?” అని అడిగింది.