మసేనయ్య సగం విన్న మందు

కాకినాడకు ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న కొమరపేటలో మసేనయ్య అనే జాలరి ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, ఎవరేం చెప్పినా సగం వినగానే నమ్మేసి, మిగతా సగం వినకుండా పరుగు తీసేవాడు.

అతనికి పోలేశ్వరి ఒక్కతే కూతురు. కాలేజీలో చదువుకునేది. ఆ పిల్ల చేతికి తెడ్డు ఇస్తే చాలు, తెప్ప అలల మీద ఎగిరేది. ఆ ఏడు గంగమ్మ జాతరకు, ఎన్నడూ లేనిది, ఆడపిల్లలకూ తెప్పల పందెం పెడతామని పేటపెద్దలు చాటించారు. పేటంతా హుషారెత్తిపోయింది. జట్టు కట్టిన పిల్లలు పోలేశ్వరినే ముందు తెడ్డుకు ఎంచుకున్నారు. ముందు తెడ్డు ఎంత ఊపుతో పడితే వెనకవాళ్లంతా అదే ఊపు అందుకోవాలి. ఆ మాట విన్న రోజు పోలేశ్వరి కాళ్లు నేల మీద నిలవలేదు.

ఒక్కటే చిక్కు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఎగ్జిమా ఉండేది. మోచేతి మడతల్లోనూ అరచేతుల్లోనూ చర్మం ఎర్రబడి, పొడిబారి పగిలేది. దురద ఎక్కువైందంటే తెడ్డు పట్టడమే కష్టమయ్యేది.

పందెం వస్తోంది గదా అని మసేనయ్య కూతురి దురద సంగతి తేల్చడానికి నడుం కట్టాడు. టీ కొట్టు దగ్గర ఎవరో చేప తింటే దురద పెరుగుతుందన్నారు. ఆ పూటే ఇంట్లో చేప బందయింది. వలలు బాగుచేసే చోట ఇంకొకాయన గుడ్డు వేడి అన్నాడు. గుడ్డూ పోయింది. బస్సులో పక్కన కూర్చున్న పెద్దమనిషి పాలు పడవన్నాడు, ఎండ అసలే పడదన్నాడు. మసేనయ్య ఆయన పేరైనా అడగకుండా ఇంటికొచ్చి పాలవాణ్ణి మాన్పించి, కిటికీలకు గోనెపట్టాలు కట్టేశాడు.

జాలరి ఇంట్లో చేప వాసన రాకపోవడం ఆ పేటలో ఎవరూ ఎరగరు. పక్కింట్లో కానాగంతల చేపల పులుసు కుతకుతలాడుతుంటే పోలేశ్వరి చారన్నం ముందు కూర్చుని ముక్కు మూసుకునేది. పగలంతా గదిలోనే ఉండేది. బయటికి రావాలంటే పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు తప్పవు. ఇంత చేసినా దురద తగ్గలేదు, తగ్గింది పిల్ల ఒంట్లో ఓపికే. ఒక సాయంత్రం సాధన చేస్తుండగా తెడ్డు చేతిలోంచి జారిపోయి, తెప్ప అలకు అడ్డం తిరిగింది. అందరూ నీళ్లలో పడ్డారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఇలాగైతే ముందు తెడ్డు ఇంకొకరికి ఇవ్వాల్సిందేనని జట్టువాళ్లు అన్నారు. ఆ రాత్రి పోలేశ్వరి అన్నం ముట్టకుండా ఏడ్చింది.

తెల్లారగానే తల్లి కాసులమ్మ చేపల గంప పక్కన పెట్టి, తండ్రీకూతుళ్లిద్దరినీ టౌను ఆసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ డాక్టరమ్మ చేతులు చూసింది, రక్తం పరీక్ష చేయించింది.

“అమ్మాయికి విటమిన్ డి బాగా తక్కువగా ఉంది. ఎగ్జిమా ఉన్న కొంతమందిలో ఇలా కనిపిస్తుంటుంది. రెండిటికీ సంబంధం...” అంటుండగానే మసేనయ్య లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్ల రోగానికి మూలం దొరికిపోయింది. ఇంకా కూర్చోవడం అతని వల్ల అయ్యే పని కాదు. మందుల షాపుకని గుమ్మం దాటాడు, చీటీ మర్చిపోయి వెనక్కొచ్చాడు, డాక్టరమ్మ రాసి పెట్టింది అందుకుని మళ్లీ పరుగెత్తాడు.

డాక్టరమ్మ నవ్వి, మిగతాది తల్లీకూతుళ్లకు చెప్పింది. సంబంధం ఉండొచ్చని కొన్ని పరిశోధనలు అంటున్నాయి గానీ ఇంకా తేలలేదట. విటమిన్ వేసుకుంటే దురద తగ్గినవాళ్లూ ఉన్నారు, తగ్గనివాళ్లూ ఉన్నారు. ఒంట్లో తక్కువగా ఉంది కాబట్టి ఎముకల కోసం, సత్తువ కోసం వేసుకోవాల్సిందే, అదీ వారానికి ఒక్క బిళ్లే. చర్మానికి మాత్రం పూత మందు, స్నానం కాగానే రాసుకునే క్రీము మానకూడదు. ఫలానాది తింటేనే దురద పెరుగుతోందని తేలితే తప్ప చేపా గుడ్డూ మాన్పించొద్దు.

మర్నాటి నుంచి ఇంట్లో కవళ్ల చేపల వేపుడు ఘుమఘుమలాడింది. గోనెపట్టాలు ఊడాయి. కాసులమ్మ తెల్లవారకముందే గంపెత్తుకుని వెళ్లిపోయేది. ఆమె అటు వెళ్లగానే మసేనయ్య గ్లాసుడు నీళ్లు, ఒక బిళ్ల పట్టుకుని కూతురి ముందు నిలబడేవాడు.

“వారానికొకటే అన్నారు నాన్నా” అంది పోలేశ్వరి.

“వారానికొకటైతే ఎప్పటికి తగ్గుద్ది తల్లీ? పందెం ముంచుకొత్తంది. రోజూ ఏసుకుంటే రోజూ తగ్గుద్ది” అన్నాడు మసేనయ్య.

ఆ లెక్కలో ఏదో తేడా ఉందని పోలేశ్వరికి అనిపించింది. అయినా పందెం మీద ఆశ తనకూ ఉంది. మింగేసింది.

మూలమే దొరికాక పైపూతలెందుకని మసేనయ్య పూత మందునూ క్రీమునూ కాసులమ్మ కంటపడకుండా అటకెక్కించాడు. కడుపు నిండా తిండి తినేసరికి పిల్లకు ఓపిక తిరిగొచ్చింది. తెప్ప మళ్లీ బాణంలా దూసుకుపోయింది. ఇక మసేనయ్యను పట్టేవాళ్లు లేరు. ఎగ్జిమాకు మందు కనిపెట్టింది తానే అన్నంత సంబరంగా రేవులో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. నాలుగిళ్ల వాళ్లు ఆ బిళ్లలే తెచ్చుకుని తమ పిల్లలకు రోజూ వేయడం మొదలుపెట్టారు.

నెల దాటింది. పోలేశ్వరికి దాహం మొదలైంది. ఎన్ని నీళ్లు తాగినా తీరలేదు. తిన్నది తిన్నట్టు వాంతయ్యేది. క్రీము లేక అరచేతులు మళ్లీ పగిలి నెత్తురు చిమ్మాయి. జాతర తోరణాలు కడుతున్న రోజు ఆ పిల్ల ఇసుకలో కూలబడిపోయింది. కాసులమ్మ ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

మళ్లీ రక్తం పరీక్ష చేసిన డాక్టరమ్మ ముఖం మారిపోయింది. విటమిన్ మోతాదు మించి ఒంట్లో కాల్షియం పెరిగిపోయిందని, ఇంకొంచెం ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతినేవని చెప్పింది. రోజూ వేశామని మసేనయ్య నసుగుతూ ఒప్పుకున్నాడు.

“వారానికి ఒకటని ఇక్కడే చెప్పాను గదండీ” అంది డాక్టరమ్మ.

“అప్పుడు నేను బయటున్నానండి. పిల్ల చెప్పినా చెవిన పెట్టలేదండి” అన్నాడు మసేనయ్య, తల దించుకుని.

సెలైన్లు ఎక్కాయి. ప్రాణం కుదుటపడింది. పందెం రోజు పొద్దున ఇంటికి పంపారు గానీ, తెడ్డు ముట్టుకోవద్దన్నారు.

ఆ సాయంత్రం ఒడ్డంతా జనమే. డప్పులు మోగాయి. జెండా ఊపగానే ఆడపిల్లల తెప్పలు నీళ్లు చీల్చుకుంటూ లేచాయి. కొమరపేట తెప్ప ముందుంది! పోలేశ్వరి కట్టు కట్టిన చేయి పైకెత్తి, “వెయ్యండే, వెయ్యండే” అని గొంతు చించుకుంది. జనం కూడా అదే అందుకున్నారు. తీరా మలుపు దగ్గర, ముందు తెడ్డు వేస్తున్న కొత్త పిల్లకు ఊపు తప్పింది. వెనకవాళ్ల తెడ్లు ఒకదానికొకటి తగిలాయి. పక్క పేట తెప్ప చూస్తుండగానే దాటిపోయింది. మూరెడు తేడాతో పందెం పోయింది.

మసేనయ్య కూతురి వంక చూడలేకపోయాడు. ఆ పిల్లే తండ్రి భుజం మీద చేయి వేసింది.

“నా కోసమే పరిగెత్తావు నాన్నా, నాకు తెలుసు. కానీ డాక్టరమ్మ మాట అయ్యేదాకా కూర్చునుంటే నేనివాళ తెప్ప మీదుండేదాన్ని” అంది.

మసేనయ్య చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకుని లేచాడు. జాతర సందడి వదిలేసి, తన మాట విని బిళ్లలు తెచ్చుకున్న ఇళ్లన్నీ తిరిగాడు. రోజూ వేయడం ఆపమనీ, పిల్లల్ని డాక్టరుకు చూపించమనీ గడపగడపకూ చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. అతను అన్నీ పడ్డాడు.

మరుసటి ఏటి జాతరలో పోలేశ్వరి ముందు తెడ్డు వేసింది. మోచేతుల్లో అప్పుడప్పుడూ దురద ఇంకా ఉంది, క్రీము రాస్తూనే ఉంది. అయినా ఆ రోజు తెప్ప అందరికన్నా ముందు ఒడ్డెక్కింది. పేట పేటంతా నీళ్లలోకి దూకి కేకలు పెట్టింది. ఆ సందట్లోనే ఒకాయన మసేనయ్యను పట్టుకుని, విటమిన్‌తోనే తగ్గిందా అని అడిగాడు.

“అది ఆ డాకటరమ్మనే అడుగు బాబూ. చెప్పడం అయ్యేదాకా మాత్రం కుర్చీలోంచి లేవకు” అన్నాడు మసేనయ్య.

నీతి: ఉండొచ్చు అన్నదాన్ని ఉందని నమ్మి, సగం విని పరుగెత్తేవాడి చేతిలో మంచి మందు కూడా విషమవుతుంది.