నీళ్ల జాడ తెలిసిన అలుగు

అనగనగా, వాగులన్నీ ఎండిపోయిన ఒక అడవిలో పెద్ద చదువుల బడి ఉండేది, పిల్లలూ. అక్కడ ఒక అలుగు ఆరేళ్లుగా మట్టి మీద పరిశోధన చేస్తోంది. దానికి ఒంటినిండా పొలుసులు, ముక్కునిండా మట్టి. నేల కింద నీళ్లెక్కడున్నాయో వాసనతోనే పసిగట్టేది. దాని గురువు గుడ్లగూబ.

ఆ బడిలోనే పాఠాలు చెప్పే తాబేలు ఆ ఏడు మూడు రోజుల శిక్షణ పెట్టింది. చదివినదాన్ని నలుగురికీ ఎలా చెప్పాలో నేర్పే శిక్షణ అది.

"వెళ్లనా, గురువుగారూ?" అని అలుగు అడిగింది.

"మాటలు నేర్చుకోవడానికి నువ్వేమైనా చిలకవా? పోయి మట్టి చూసుకో!" అని గుడ్లగూబ కసిరింది.

అలుగు ఆగిపోయింది.

అంతలో దుప్పులు వలసకు సిద్ధమయ్యాయి. దూరపు నదికి దారి పులి గుహ ముందు నుంచే. పిల్లదుప్పులు దాటలేవు. అలుగు పరుగున వెళ్లింది.

"ఆగండి! నీళ్లు ఇక్కడే ఉన్నాయి!"

"ఎక్కడ తల్లీ?" అంది ముసలి దుప్పి ఆశగా.

అలుగు గొంతు సవరించుకుంది. "ఈ విషయంపై పూర్వం నలుగురు పండితులు పరిశోధించారు. మొదటి పండితుడి నిర్వచనం ప్రకారం..."

పొద్దు నడినెత్తికి వచ్చింది. రెండో పండితుడి సంగతే ఇంకా తేలలేదు.

"ఒసేవ్, నాలుకలు పీక్కుపోతున్నాయి! తవ్వాల్సింది ఎక్కడే?" అని ఒక పడుచు దుప్పి అరిచింది.

ప్రశ్న వినగానే అలుగు బంతిలా చుట్టుకుపోయింది. భయమేస్తే అలుగులు అంతే కదా!

"పండితురాలు మూత పెట్టేసింది!" అని దుప్పులు నవ్వాయి. మడుగులో మిగిలిన బురదనీళ్లు మూడు రోజులకే సరిపోతాయి కనుక, నాలుగో నాటి పొద్దున్నే బయల్దేరాలని తీర్మానించుకున్నాయి.

అలుగుకు కోపమొచ్చింది. దుప్పుల మీద కాదు, తనకు నోరివ్వని చదువు మీద. "జ్ఞానం జనానిది! దాచుకుంటే దొంగసొత్తు!" అంటూ నేరుగా తాబేలు దగ్గరికి నడిచింది.

మొదటి రోజు తాబేలు, "నీ ఆరేళ్ల చదువు ఒక్క ఊపిరిలో చెప్పు" అంది. రెండో రోజు ఒక కుందేలు పిల్లను ఎదుట కూర్చోబెట్టి, "దీనికి అర్థం కాకపోతే తప్పు నీదే" అంది. మూడో రోజు అడ్డదిడ్డమైన ప్రశ్నలు గుప్పించింది.

"భయమేస్తోంది అక్కా," అంది అలుగు.

"నాకూ తల లోపలికి లాక్కోవాలనే ఉంటుందే. లాక్కుంటే పాఠం ఎవరు చెబుతారు? ఊఁ, లే!"

అలుగు నాలుగుసార్లు చుట్టుకుంది. ఐదోసారి నిలబడింది.

నాలుగో రోజు పొద్దున దుప్పుల దారికి అడ్డంగా నిలుచుంది. "వాగు మలుపులో మద్దిచెట్టు ఉంది. దాని పక్క ఇసుకలో మోకాటిలోతు తవ్వండి. నీళ్లొస్తాయి."

"రాకపోతే?" అంది పడుచు దుప్పి.

అలుగుకు మళ్లీ ముడుచుకోవాలనిపించింది. కానీ ముడుచుకోలేదు. "రాకపోతే పులి దారిలో మీ ముందు నేను నడుస్తాను."

అందరూ కలిసి తవ్వారు. ఇసుక చెమ్మగిల్లింది. తవ్విన చెలమలో నీళ్లు ఊరాయి. పిల్లదుప్పులు ముందుగా మూతులు పెట్టాయి.

గుడ్లగూబ ఎగిరొచ్చి మద్దికొమ్మ మీద వాలింది. "పట్టా చేతికి రాకుండానే పాఠాలా? నీకెవరిచ్చారు అధికారం?"

ముసలి దుప్పి తడి మూతి పైకెత్తింది. "మా దాహం ఇచ్చిందయ్యా. తమరూ దిగి ఒక గుక్క తాగండి."

గుడ్లగూబ రెక్కలు ముడుచుకుని కొమ్మ దిగింది. చెలమలో ముక్కు ముంచింది.

నీతి: తెలిసినదాన్ని అవసరమైనవారికి అర్థమయ్యేలా చెప్పడమూ చదువే. అది నేర్వని చదువు సగం చదువే.