నీలిరంగు చుక్క

గొర్రెల మీద పరిశోధన చేసే సౌదామినికి ఏళ్ళ తరబడి ఒకటే బెంగ. గొర్రె ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి. లక్షల కణాల మధ్య ఎక్కడో కొన్ని. చూపుకి అన్నీ ఒకేలా ఉంటాయి. మనుషుల్లో వాటిని గుర్తుపట్టే యాంటీబాడీలు తెచ్చి వేస్తే గొర్రె కణాలను అంటుకోనే లేదు.

చివరికి తనే ఒక యాంటీబాడీ తయారుచేసింది. దానికి వెలిగే రంగు తగిలించి మూలుగలో కలిపితే, చీకటి తెర మీద అక్కడొకటి ఇక్కడొకటి ఆకుపచ్చగా మెరిశాయి. మంచులో దూరంగా మేస్తున్న మందలా ఉంది. కలలో కూడా ఆమెకి అవే కనిపించేవి.

ఇక పరీక్ష మిగిలింది. ఒక గొర్రెపిల్ల మూలుగ కొంత తీసి చలిపెట్టెలో దాచారు. తర్వాత మందులిచ్చి దాని ఎముకల్లో మిగిలినదంతా ఖాళీ చేశారు. ఇప్పుడది సొంతంగా రక్తం చేసుకోలేదు. దాచిన దాంట్లోంచి మెరిసే కణాలను మాత్రమే వేరుచేసి తిరిగి ఎక్కించాలి. అవి నిజంగా మూలకణాలైతే పిల్ల బతుకుతుంది. లేకపోతే లేదు.

ఆ పొద్దున కణాలు వేరయ్యాయి. సౌదామిని కాళ్ళు నేల మీద నిలవలేదు. "రండి, చూద్దురుగాని" అని అందరినీ పిలిచింది. పక్క గదివాళ్ళు వచ్చారు. ఆఫీసు గుమాస్తా వచ్చాడు. జీపు డ్రైవరూ వచ్చాడు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా, మళ్ళీ చూపించమన్నారు. ఐసులోంచి తీసిన కణాల గొట్టం సూక్ష్మదర్శిని వేడి దీపం పక్కనే ఉండిపోయింది. అసలే అనంతపురం ఎండలు, ఆ గదిలో ఏసీ పేరుకే. ఒక్కరికైనా ఆ గొట్టం సంగతి తట్టలేదు చూడండి.

మధ్యాహ్నం ఆమె గురువు కుళ్లాయప్ప సారు వచ్చారు. మాట పొదుపు మనిషి.

"ఇవేనా?"

"ఇవే సార్. ఎలా వెలుగుతున్నాయో చూడండి."

ఆయన చాలాసేపు చూశారు. తర్వాత అలమరలోంచి చిన్న సీసా తీసి స్లైడు మీద నీలిరంగు ఒక్క చుక్క వేశారు. ల్యాబులో ఎప్పుడూ ఉండే రంగే. బతికున్న కణం దాన్ని లోపలికి రానివ్వదు. చచ్చిన కణం అడ్డుకోలేదు.

"చూడమ్మా."

సౌదామిని సూక్ష్మదర్శినికి కన్ను ఆనించింది. నీలం మెల్లమెల్లగా పాకింది. ఒక కణంలోకి, పక్కదానిలోకి, ఆ పక్కదానిలోకి. చూస్తుండగానే అన్నీ నీలమైపోయాయి. వెలిగే రంగు కనిపించేలా ఆమె దీపం మార్చింది. ఆకుపచ్చ వెలుగు చెక్కు చెదరలేదు.

"ఇంకా మెరుస్తున్నాయి సార్."

"మెరుస్తాయి," అన్నారాయన.

ఆమెకి ఏడుపు ఆగలేదు. "పిల్లని నేనే చంపేశాను సార్."

ఆయన చలిపెట్టెలోంచి ఇంకో గొట్టం తెచ్చి ఆమె చేతికిచ్చారు. అదే పిల్ల మూలుగ. ఏ యాంటీబాడీ కలపకుండా, ఏ కణాన్నీ వేరుచేయకుండా ఆయన ముందే పక్కన ఉంచిన వంతు. అది కరిగించి తీసుకుని ఇద్దరూ గొర్రెల పాకకి నడిచారు.

పిల్ల గడ్డి మీద ఒరిగి ఉంది. మెడ నరంలోకి ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. పైన ఫ్యాను తిరుగుతోంది. గొర్రెలు నెమరేస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు.

"ఇందులో అవి ఉన్నాయంటారా సార్? దేనికీ గుర్తు లేదే."

"గుర్తు మనకోసమమ్మా. ఎముకల్లోకి దారి వాటికి తెలుసు."

ఆ తర్వాత రోజూ తెల్లారేసరికి ఆమె పాకలో ఉండేది. ఒంట్లో రక్తం ఉందో లేదో కాపరులు చూసినట్టే పిల్ల కింది రెప్ప లాగి చూసేది. రెప్ప లోపల తెల్లగా పాలిపోయి ఉండేది. మర్నాడూ అంతే. వారాలు గడిచాయి. నిద్రో మెలకువో తెలియకుండా తిరిగేది.

ఒక ఉదయం రెప్ప లోపల లేత గులాబిరంగు కనిపించింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. పిల్ల విసుగ్గా తల విదిలించి, ఆమె చున్నీ కొస నమలడం మొదలుపెట్టింది.

గుమ్మంలోకి సారు వచ్చారు.

"ఏమ్మా?"

ఆమె కొంచెం జరిగి, ఆయనకి చోటిచ్చింది.