మహారాజు బరువు గుమ్మడికాయలు

ఒకానొక కొండరాజ్యంలో ప్రతాపభైరవుడనే రాజు ఉండేవాడు. ఆయనకు పొగడ్తలంటే ప్రాణం, మెట్లంటే బద్ధకం. కొండమీది ఆయన కోటకు కింది నుంచి ధాన్యం ఒక పెద్ద బుట్టలో వెళ్లేది. పైన ఎద్దులు లావుపాటి మోకుతాడు లాగితే బుట్ట లేచేది. విజయదశమినాడు ఆ బుట్టలో తానే ఎక్కుతానని రాజు చాటించాడు.

మోకులు పేనే పోలమ్మ పరుగున వచ్చింది.

"వద్దు దొరా! ఈ మోకు ముసలిదైంది. కొత్తది పేనేదాకా ఆగండి!"

యంత్రాల అధికారి శంభుభట్టుకు ఒళ్లు మండింది. చిట్టా తెరిచాడు.

"ప్రభూ, రాజమోకుల్లో తెగినదంటూ ఇందులో ఒక్కటీ లేదు. ఇకముందూ తెగదు. పండగపూట అపశకునం పలికిన నాలుకను కోయించాలి!"

"నేను కోట చేరగానే దాని నాలుక సంగతి చూస్తాను" అన్నాడు రాజు.

సభలో తిప్పన అనే చమత్కారి ఉన్నాడు. భట్టును మెల్లగా పక్కకు పిలిచాడు.

"స్వామీ, తెగిన మోకును చిట్టాలో ఏమని రాస్తారు?"

"తెగినది రాజమోకు ఎలా అవుతుందయ్యా? పేరు కొట్టేసి, ముక్కల్ని గేదెల కొట్టానికి పంపేస్తాం."

తిప్పన గేదెల కొట్టంలోకి వెళ్లి చూశాడు. పన్నెండు గేదెలు, పన్నెండు పలుపులు. ఒక్కొక్కటీ తెగిన ఒక్కో రాజమోకు ముక్కే! పోలమ్మ ఒక్కో మోకుకు ఒక్కో దారం చొప్పున, అది బుట్టను లాగిన పదిసార్లకో ముడి వేసి దాచుకున్న దారాలు తెచ్చింది. ఇప్పుడున్న మోకు మూడువందల డెబ్బైసార్లు లాగింది. ఆ పన్నెండింట్లో అంతదాకా నిలిచినవి రెండే. నాలుగువందలు చూసినది ఒక్కటీ లేదు. ఆ మాట పైకి అంటే తిప్పన నాలుకా దక్కదు.

పండగనాడు అతను రాజుకు చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇంత వైభవానికి దిష్టి తగలదూ? ముందు మీ బరువు గుమ్మడికాయల్ని బుట్టలో పంపి దిష్టి తీద్దాం."

రాజు మురిసిపోయాడు. ఆయన బరువుకు ముప్పైమూడు కాయలు పట్టాయి. ఆ లెక్క బయట చెప్పొద్దన్నాడు.

బుట్ట పైకి వెళ్లి క్షేమంగా దిగింది. భట్టు మీసం దువ్వాడు. రాజు ముందుకు కదిలాడు.

"దిష్టి మూడుసార్లు తీయాలి కదా ప్రభూ" అన్నాడు తిప్పన.

రెండోసారీ ఏమీ కాలేదు. రాజుకు ఓపిక నశించింది. కాయలు తీయించి, ఒక కాలు బుట్టలో పెట్టేశాడు. తిప్పన రెండో కాలు పట్టుకున్నాడు.

"ఇంకొక్కసారి! సగం తీసిన దిష్టి రెట్టింపు తగులుతుంది ప్రభూ!"

రాజు గొణుక్కుంటూ కాలు తీశాడు. మూడోసారి తాటిచెట్టంత ఎత్తుకు వెళ్లాక ఫట్‌మని మోకు తెగింది. కాయలన్నీ బండమీద పడి పిప్పయ్యాయి.

రాజు తన పొట్ట తడుముకున్నాడు. "బతికిపోయాను" అన్నాడు చిన్నగా.

ఆ సందట్లో భట్టు చిట్టా తెరిచి మోకు పేరు కొట్టేస్తున్నాడు.

తిప్పన చూశాడు. "ఆ బుట్టలో ప్రభువు ఉండి ఉంటే, పడినవాడు రాజెలా అవుతాడని వారి పేరు కూడా కొట్టేసేవారా స్వామీ?"

రాజుకు నవ్వు ఆగలేదు. కళ్లు తుడుచుకుంటూ తన కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు. తెగిన మోకుల లెక్క ముందు రాయమని భట్టును గేదెల కొట్టానికి పంపాడు. తాను ఆయాసపడుతూ మెట్లన్నీ ఎక్కాడు.

కోట చేరగానే పోలమ్మను పిలిపించాడు. ఆమె వచ్చి నిలబడింది.

"నీ నాలుక సంగతి చూస్తానన్నాను. మాట తప్పను. నోరు తెరు" అన్నాడు రాజు.

ఆమె కళ్లు మూసుకుని నోరు తెరిచింది. రాజు తన పళ్లెంలోంచి వేడివేడి పూర్ణం బూరె తీసి ఆ నాలుక మీద పెట్టాడు.

"ఇకనుంచి మోకు మార్చే రోజు చెప్పేది ఈ నాలుకే!"